గొడుగు పిల్ల

కాశీబుగ్గలో కరెంటు పోయిన రాత్రి
మా అక్క కొడుకు ఢిల్లేసు ఫోన్‌లో
జపాన్ బొమ్మల కథ పెట్టాడు, పన్నెండు భాగాలు.
ఒక కుర్రాడు. అయిదుగురు ఆడపిల్లలు.
అయిదుగురికీ వాడే కావాలట.
"ఎందుకురా?" అన్నాను.
"కథ అలాగే ఉంతాది పిన్నీ, సూడు."

కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెడుతుంటే
వాడు మన మాటలో చెప్తున్నాడు.
ఆ పిల్ల ఊపిరి తీసుకోకుండా నిమిషంసేపు మాటాడితే
"నువ్వంటే ఇష్టమంతంది" అని తేల్చేస్తాడు.
ఎర్ర జడలది పళ్ళు కొరికి అరిస్తే
"కోపం కాదు, సిగ్గు" అంటాడు.
పిక్కలు కొట్టిన వేళ్ళకి ఆముదం రాసుకుంటూ తవిటమ్మ
"అయితే మా అత్తది కూడా సిగ్గేనేటి, ఇన్నాళ్ళూ?" అంది.

ఆ కుర్రాడి మొహం
పొట్టు తీసిన జీడిపప్పులా నున్నగా, ఖాళీగా.
చూసేవాడు ఎవడైనా తన మొహం పెట్టుకోవచ్చు,
అందుకే అలా గీశారేమో.
కావాలని అనడు, వద్దని అనడు.
భాగానికొకసారి జారిపడతాడు,
సరిగ్గా ఎవరో ఒకరి మీద.
పదకొండేళ్ళుగా ఫ్యాక్టరీ జిడ్డు నేల మీద నడుస్తున్నాను,
ఒక్కసారే జారాను,
బకెట్ మీద.

అయిదో భాగంలో సముద్రం.
అక్కడ సముద్రానికి వెళ్ళేది ఈతకి కాదు.
ఢిల్లేసు ఫోను తన వైపు తిప్పేసుకుని
"ఇందులో ఏటీ నేదు పిన్నీ" అని దాటించాడు.
ఆ వెలుగులో వాడి చెవులు ఎర్రబడ్డాయి.
మేమూ వెళ్ళాం అక్కుపల్లికి, కిందటేడు,
కుచ్చిళ్ళు దోపుకుని మోకాలిదాకా,
కెరటం కొడితే తవిటమ్మ చెప్పు పోయింది,
దాని కోసం వెతికాం. అంతే మా సముద్రం.

కానీ వాన గీశారు చూడండి!
రేకు మీది వాన వేరు, ఆకు మీది వాన వేరు.
బస్సు అద్దం మీద ఆగి, ఇంకో చుక్కని కలుపుకుని
బరువెక్కి జారే చుక్క ఇంకా వేరు.
అన్నం గిన్నె మూత తీశారు.
"వాసనొస్తంది" అంది తవిటమ్మ, నిజంగానే ముక్కు ఎగబీల్చి.
పరీక్షల ముందు రాత్రి అయిదుగురూ ఒకే గదిలో
ఒకరి జడ ఒకరు అల్లుకుంటూ కూర్చున్నారు,
మూడు నిమిషాలు, ఎవరూ వాడి పేరెత్తలేదు.
దాని కోసం మిగతాదంతా క్షమించొచ్చు.
అంతా కాదులే. చాలావరకు.

పగలంతా నా పని గ్రేడింగు బల్ల.
గుండు ఇటు, బద్ద అటు, ముక్క ఆ మూలకి.
రెండొందల నలభై, మూడొందల ఇరవై,
చూపు పడేలోపు చెయ్యి పోతుంది.
రుచి ఒకటేనని తెలుసు, ధర మారుతుంది.
ఈ కథ రాసినవాడూ అలాంటి బల్ల దగ్గరే కూర్చున్నాడు:
కోపిష్టిది, మెతకది, చిన్నప్పటి నేస్తం, డబ్బున్నది,
ఇంకొకతి.
ఏడో భాగంలో తన గొడుగు వాడి చేతిలో పెట్టి
తడుసుకుంటూ పోయిన పొట్టి జుట్టు పిల్ల.
తర్వాత వెనక బెంచీలో కనిపించింది, రెండే మాటలు.
ముక్కల ట్రేలో పడింది.

పన్నెండోది. నదొడ్డున బాణసంచా.
కుర్రాడు నోరు తెరిచాడు, ఎవరి పేరో అన్నాడు,
అప్పుడే తారాజువ్వ పేలింది.
అయిపోయింది.
"రెండో సీజన్లో సెప్తారేమో" అన్నాడు ఢిల్లేసు,
వాడికీ నమ్మకం లేదు.
తవిటమ్మ గురక పెడుతోంది.

"ఏడోది పెట్టరా, గొడుగు దగ్గర" అన్నాను.
"ఆ పిల్ల అప్పుడేమంది, అసలు?"
"జాగ్రత్తగా ఎల్లు అంతంది, సెప్పాను కదా."
"అంత పొడుగ్గానా?"
వాడు మళ్ళీ చదివాడు. మళ్ళీ చదివాడు.
ఏమీ చెప్పలేదు.
పదిహేడేళ్ళవాడికి కొన్ని మాటలు తెలుగులోకి రావు.

ఆపమన్నాను.
ఛార్జింగు నాలుగు.
వాన మొత్తం గాల్లోనే నిలబడింది,
ఒక్క చుక్కా కింద పడకుండా,
ఆ పిల్ల ఇంకా తడవకుండా.